పందిరి పెంచిన శ్రోత
(ఆదిభట్ల నారాయణదాసు స్మారకోపన్యాస పాఠం)



నారాయణదాసుగారి పేరిట మాట్లాడమంటే ఎవరికైనా ముందు ఆయన పాండిత్యమే గుర్తొస్తుంది. ఏకకాలంలో అయిదు తాళాలు వేసి చూపిన పంచముఖి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ దించిన కవి, ‘నా యెఱుక’ పేరుతో తన కథ తానే రాసుకున్న మనిషి. వీటి మీద పెద్దలు వివరంగా మాట్లాడారు, పుస్తకాలూ రాశారు. నేను ఇవాళ ఆయన ఎదురుగా కూర్చున్నవాళ్ల గురించి మాట్లాడతాను. కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, మెడలో దండతో దాసుగారు నిలబడితే, ఈత చాపల మీద తెల్లవారుజాము దాకా కదలకుండా కూర్చున్నవాళ్ల గురించి. హరికథకు ఆ రూపం రావడానికి ఆయన ప్రతిభ ఎంత కారణమో, వాళ్ల చెవి అంత కారణమని నా నమ్మకం.

దాసుగారు కూడా మొదట శ్రోతే. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి, చదువు కోసం విజయనగరం చేరిన కుర్రవాడు ఆయన. ఇరవై ఏళ్లు నిండీ నిండని వయసులో, మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడుగారి హరికథ ఈ ఊళ్లో విన్నాడు. వినగానే తానూ చెప్పాలనిపించింది, ధ్రువచరిత్ర రాసుకున్నాడు. అక్కడి నుంచి తెలుగు హరికథ దారే మారింది. పాట, పద్యం, వచనం, అభినయం, నృత్యం అన్నీ ఒక్క మనిషిలో కలిశాయి. ఒక ఊరు ఒక రాత్రి ఒక కథకుణ్ణి పిలిపించుకున్నందుకు దక్కిన ఫలం ఇది. మరి ఆ రాత్రి అక్కడున్న మిగతావాళ్లకు దక్కిందేమిటి? వాళ్లు కథకులు కాలేదు. కానీ కథ అంటే ఎలా ఉండాలో వాళ్లకు తెలిసింది. తర్వాత దాసుగారు అదే ఊళ్లో నిలబడి కథ చెప్పినప్పుడు తూకం వెయ్యగలిగిందీ, మెచ్చుకోగలిగిందీ వాళ్లే.

ఊరికి కళాకారుడు ఎక్కడి నుంచో రావచ్చు. శ్రోత మాత్రం ఊళ్లోనే తయారు కావాలి. ఏటేటా, అదే రోజుల్లో, అదే చోట, ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో జరిగే కార్యక్రమం ఒక్కటే వాణ్ణి తయారుచేస్తుంది. ఈ ఉపన్యాసంలో నేను చెప్పదలచింది ఇదే.

శ్రీరామనవమి పందిరి సంగతి తీసుకుందాం. చైత్ర శుద్ధ పాడ్యమి నుంచి నవమి దాకా తొమ్మిది రోజులు. ఉగాదికి ముందే వీధిలో నలుగురు పుస్తకం పట్టుకుని చందాలకు బయల్దేరేవారు. పచారీ కొట్టు షావుకారు ఎంత రాస్తే, దాన్ని బట్టి పక్కింటివాళ్లు రాసేవారు. డబ్బు ఇవ్వలేనివాళ్లు తాటాకులో, వెదురుబొంగులో, పానకానికి బెల్లమో ఇచ్చేవారు. కథకుడికి ఒకరింట భోజనం, ఫిడేలు, మృదంగం వాయించేవారికి మరొకరింట. కరపత్రంలో రోజువారీ కార్యక్రమం అచ్చయ్యేది. సాయంత్రం పిల్లల పాటలు, తర్వాత పురాణం, భోజనాలయ్యాక హరికథ. ఆఖరి రాత్రి నాటకం. నవమి నాడు పగలు కల్యాణం, వడపప్పు, పానకం.

ఇందులో పిల్లల పాటల గురించి ఒక మాట చెప్పాలి. అది కాలక్షేపానికి పెట్టింది కాదు. వీధిలో సంగీతం నేర్చుకుంటున్న ప్రతి పిల్లకూ ఏడాదికొకసారి నలుగురి ముందు పాడే అవకాశం అది. పోయినేడు వర్ణం దగ్గరున్న అమ్మాయి ఈ ఏడు కృతి పాడిందని పందిట్లో అందరికీ తెలిసేది. ఆ ఎదుగుదలను ఊరంతా చూసేది.

హరికథ వినే పద్ధతి చిత్రమైనది. కథ అందరికీ ముందే తెలుసు. రుక్మిణి ఉత్తరం పంపుతుందనీ, కృష్ణుడు రథమేసుకుని వస్తాడనీ చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా జనం కూర్చుంటారు, ఎందుకంటే ఈయన ఎలా చెబుతాడో చూడాలి. ఏ ఘట్టానికి ఏ రాగం ఎత్తుకుంటాడు, పద్యాన్ని ఎక్కడ విరుస్తాడు, పాటలోంచి మాటలోకి ఎంత ఒడుపుగా దిగుతాడు. శోకఘట్టం మరీ బరువెక్కితే ఒక పిట్టకథతో తేలిక చేస్తాడు. వెనక వరసలో కునుకు కనిపిస్తే గోవింద నామం అందిస్తాడు, పందిరి మొత్తం గొంతు కలుపుతుంది. మధ్యలో హారతి పళ్లెం తిరుగుతుంది. ఇవన్నీ కథకుడూ శ్రోతా కలిసి చేసే పనులు. మా చిన్నతనంలో మాకు ఆదితాళం నేర్పింది తొడ మీద తాళం వేసుకుంటూ కథ వినే తాతగారి చెయ్యి. పాఠమని ఎవరూ చెప్పలేదు. పక్కన కూర్చున్నాం, చెయ్యి చూశాం, మా చెయ్యీ ఆడింది. ఎక్కడ ‘ఆహా’ అనాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టి ఊరుకోవాలో కూడా అలాగే వచ్చింది. ఈ శిక్షణకు రుసుము లేదు, పరీక్ష లేదు, కానీ ఏళ్లు పడుతుంది. ఒక్క ఏడాది పందిరి వెయ్యకపోతే ఒక తరగతి పిల్లలకు ఆ ఏటి చదువు పోయినట్టే.

విజయనగరం విషయంలో రాజుల పోషణ గురించి ఎక్కువగా చెప్పుకుంటాం. అది న్యాయమే. 1919లో విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టారు, దాసుగారు తొలి అధ్యక్షులయ్యారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు విని ఆయన్ను ఆచార్యుడిగానే నియమించారన్నది ఈ ఊళ్లో తరాలుగా చెప్పుకునే ముచ్చట. 1936లో దాసుగారి తర్వాత అధ్యక్షులైందీ ద్వారంవారే. కాని ఆ కళాశాలలో చదివిన పిల్లలకు అన్నం ఎవరు పెట్టారు? ఘంటసాల వెంకటేశ్వరరావు కథ మనందరికీ తెలుసు. చేతిలో డబ్బు లేకుండా ఇక్కడికొచ్చి, పట్రాయని సీతారామశాస్త్రిగారి అండన చేరి, జోలె కట్టుకుని ఇంటింటా మధూకరం ఎత్తి చదువుకున్నారు. తలుపు తీసి ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్లు కూడా సంగీత పోషకులే. సంస్థానం పద్దుల్లో వాళ్ల పేర్లు ఉండవు. ఘంటసాల పాట వింటూ ఎదిగిన మనం ఆ ఇళ్లకు కూడా రుణపడ్డాం.

నాటకం సంగతీ అంతే. 1892లో ఈ ఊరి జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్కం ఆడారు. అప్పటికి అది అచ్చు కూడా కాలేదు, పుస్తకంగా వచ్చింది 1897లో. వాడుక భాషలో నాటకమా అని పండితులు వాదాలకు దిగక మునుపే, వాడుక భాష మాట్లాడే జనం దాన్ని రంగస్థలం మీద విన్నారు. తెలుగు సాహిత్యంలో అంత పెద్ద మలుపు మొదట ఒక ఊరి ఔత్సాహిక సమాజం వేదిక మీద జరిగింది. ఆ కాలంలో ఒక్క విజయనగరమే కాదు, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి సరస వినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ పోటాపోటీగా నాటకాలాడాయి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించారు. ఆ కుటుంబం ఊరిపేరునే తన పేరుగా చేసుకుంది. సురభివాళ్లు ఒక ఊరికి వస్తే నెలల తరబడి డేరా వేసుకుని ఉండేవారు. రోజుకో నాటకం. అన్నాళ్లు చూశాక ఊళ్లో ప్రతివాడూ తెరల గురించీ, లైట్ల గురించీ, ఏ పాత్ర ఎవరు కడితే బాగుంటుందన్నదాని గురించీ అధికారంతో మాట్లాడేవాడు. ఒక్కరోజు ప్రదర్శనతో ఇది సాధ్యం కాదు.

చిన్న సభ ఎంత పని చేయగలదో చెప్పడానికి బెజవాడలో జరిగినది ఒకటి చెబుతాను. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు తమ గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారి స్మరణగా ఏటా సద్గురు ఆరాధన చేసేవారు. ఒక ఏడాది ఆ వేదిక మీద ఎనిమిదేళ్ల శిష్యుణ్ణి కూర్చోబెట్టి కచేరీ చేయించారు. పిల్లవాడి పేరు మురళీకృష్ణ. ఆ రోజు అక్కడున్న హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్‌గారు ఆ పాట విని ఆ పేరుకు ముందు ‘బాల’ చేర్చారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ పేరు అలా స్థిరపడింది. టికెట్లు అమ్మిన కచేరీ కాదది, ఒక శిష్యుడు గురువుగారికి చేసుకున్న ఆరాధన. అక్కడ పసివాడికి వేదిక దొరికింది, వినగలిగిన పెద్దవాడు ఎదురుగా ఉన్నాడు. ఈ రెండూ ఒకచోట కలిసేలా చూడడమే ఊరి సభ చేయవలసిన పని.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆ పందిరి కింద అందరికీ చోటు ఉండేది కాదు. ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు పందిరి అవతల నిలబడి వినాలో కులం నిర్ణయించేది. చిందు యక్షగానం ఆడేవాళ్లకు ఊళ్లో వంశపారంపర్యంగా ఆడే హక్కు ఉండేది, ఊరు వాళ్ల ఆటను రాత్రంతా చూసేది, పొద్దున్నే వాళ్లను దూరం పెట్టేది. చిందుల ఎల్లమ్మ వంటి మహానటి జీవితమంతా ఈ రెంటి మధ్యే గడిచింది. కళావంతుల స్త్రీల సంగతి ఇంకా కఠినం. పదాలకు అభినయం పట్టడం, జావళి పాడడం కంఠతా ఉన్నది వాళ్లకే. వీరేశలింగంగారి కాలం నుంచి సాగిన సంస్కరణోద్యమం, 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టం ఆడపిల్లలను ఒక దారుణమైన వ్యవస్థ నుంచి తప్పించడానికి వచ్చాయి. అది జరగవలసిందే. కాని ఆ విద్యను గౌరవంగా నిలబెట్టే వేదిక ఏ ఊరూ వెంటనే ఇవ్వలేదు. చాలా ఏళ్లకు నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు వెతుక్కుంటూ వెళ్లేనాటికి వాళ్లు ముసలివాళ్లయిపోయారు. గజ్జెలు అటకెక్కాయి.

ఈ అన్యాయానికి ఎదురు నిలిచినవాళ్లలో బెంగళూరు నాగరత్నమ్మగారిని తలుచుకోవాలి. ముద్దుపళని కావ్యం రాధికా సాంత్వనాన్ని 1910లో పట్టుదలగా అచ్చువేయించిన విదుషీమణి ఆవిడ. తిరువయ్యారులో పాడుబడిన త్యాగరాజు సమాధిని తన సొమ్ముతో బాగు చేయించి గుడి కట్టించారు. ఆరాధనలో ఆడవాళ్లు పాడడానికి వీల్లేదన్న రోజుల్లో, సమాధి వెనక ఆడవాళ్లతోనే వేరే ఆరాధన నడిపి, చివరకు ఆ అడ్డు తొలగించారు. ఇవాళ తెలుగుదేశంలో ఏ పట్నంలోనైనా పుష్య బహుళ పంచమి నాడు ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి కూర్చుని పంచరత్న కీర్తనలు పాడుతున్నారంటే దాని వెనక ఆవిడ పోరాటం ఉంది. మన చుట్టూ మిగిలిన కార్యక్రమాల్లో నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఆ గోష్ఠిగానమే. అక్కడ పాడేవాళ్లకీ వినేవాళ్లకీ మధ్య గీత లేదు. ‘జగదానందకారక’ ఎత్తుకోగానే బ్యాంకు ఉద్యోగి, ఇంటర్ చదివే అమ్మాయి, రిటైరైన టీచరు ఒకే శ్రుతిలోకి వస్తారు. తప్పు పాడినవాణ్ణి పక్కవాడి గొంతు సరిదిద్దుతుంది.

హరికథలోనూ ఆడవాళ్ల రాక పెద్ద మేలు చేసింది. తూర్పుగోదావరి జిల్లా కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాల 1970ల నుంచి ఆడపిల్లలకు ఉచితంగా వసతి ఇచ్చి హరికథ నేర్పింది. అక్కడ నేర్చుకున్న భాగవతారిణులు జిల్లాజిల్లాకూ వెళ్లారు. 2024లో భాగవతారిణి ఉమామహేశ్వరిగారికి పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందటి ఏడాది హరికథకులు కోట సచ్చిదానంద శాస్త్రిగారికి వచ్చింది. పురస్కారాలు రావడం సంతోషం. కానీ పద్మశ్రీ పొందిన కథకులు మన జిల్లాలో ఏడాదికి ఎన్ని రాత్రులు కథ చెప్పారని లెక్క చూస్తే ఆ సంతోషం నిలవదు.

ఎందుకిలా అయింది? టాకీలు వచ్చాయి, రేడియో వచ్చింది, టీవీ వచ్చింది అంటాం. పూర్తి నిజం కాదు. 1948 డిసెంబరులో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక పందిట్లో పాడినవాళ్ల గొంతు ఊరూరా వినిపించింది, హరికథకూ బుర్రకథకూ కొత్త గౌరవం వచ్చింది. నాజర్‌గారి బుర్రకథ ఒక్క ఊళ్లోనే ఆగిపోలేదు కదా. నేను గమనించిన మార్పు మరొకటుంది. రాత్రి తగ్గిపోయింది. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. పండుగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. రోగులకూ, చదువుకునే పిల్లలకూ నిద్ర కావాలి, ఆ నియమం అవసరమే. కాని తొమ్మిదింటికి మొదలై రెండింటికి మంగళం పాడే కళకు పదింటి గీత గీస్తే ఏమవుతుంది? సత్యహరిశ్చంద్రలో ఒక్క కాటిసీను మిగిలింది. పాండవోద్యోగ విజయాల్లో రాయబారం మిగిలింది. కథ మొత్తం విన్నవాడికే కాటిసీను బరువు తెలుస్తుంది. వారణాసిలో చంద్రమతిని అమ్మడం చూడనివాడికి కాటిలో పద్యం ఒట్టి పాటగానే మిగులుతుంది.

నిజానికి మైకు లేకుండా కూడా ఈ కళ బతికింది. దాసుగారు మైకు చూసుకుని గొంతు పెంచుకోలేదు. రెండొందల మంది కూర్చునే చోట, గాలి వచ్చే పాత మండువా ఇంట్లోనో, గుడి ముఖమండపంలోనో మైకు లేని కథ పెట్టి చూడవచ్చు. సాయంత్రం అయిదింటికి మొదలుపెట్టవచ్చు. ఒకే కథను మూడు సాయంత్రాలు చెప్పించవచ్చు.

సమయం గురించి ఇంకొక మాట. ఇవాళ మన సభల్లో కళకు మిగిలే సమయం ఎంత? ఆరింటికని కరపత్రంలో ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, ఆహ్వానం, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. ఎనిమిదిన్నరకు మృదంగం సంచి విప్పుతారు. ఊరవతల నుంచి వచ్చిన కళాకారిణి రెండున్నర గంటలు గజ్జెలు కట్టుకుని పక్కన కూర్చుని ఉంటుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మన చేత తాళం వేయించవలసిన సభ మన చేత చప్పట్లు మాత్రమే కొట్టిస్తోంది. సన్మానం చెయ్యండి, కాని కథ అయ్యాక చెయ్యండి. విన్నవాళ్లు చేసే సన్మానానికే విలువ.

డబ్బు విషయం కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. హాలు అద్దె, ఫ్లెక్సీలు, సౌండు, జ్ఞాపికలు, భోజనాలు అన్నీ ముందే చెల్లిస్తాం, ఎందుకంటే వాళ్లు అప్పు పెట్టరు. కళాకారుడికి ఇచ్చే కవరు ఆఖరున, మిగిలిన దానిలోంచి. పక్కవాద్యాలవారి సంభావన మరీ చిన్నది. హరికథకు ఫిడేలు వాయించే కుర్రవాడు ఆ డబ్బుతో నెల గడవదని తెలిసి సినిమా పాటల ఆర్కెస్ట్రాలో చేరితే అతణ్ణి తప్పు పట్టే హక్కు మనకు లేదు. పాతకాలపు చందా పుస్తకం నుంచి ఒక మంచి అలవాటు తెచ్చుకోవచ్చు. పందిరి విప్పాక జమాఖర్చులు రాసి గుడి గోడకు అంటించేవారు. మన సభలూ ఆ పని చేయాలి. వచ్చినదెంత, అందులో గాయకుడికి ఎంత, మృదంగానికి ఎంత, ఫ్లెక్సీలకు ఎంత అని గోడ మీద రాసిపెడితే, చందా ఇచ్చినవాళ్లే అడుగుతారు.

నిర్వాహకులను నేను కోరేది పెద్దదేమీ కాదు. ఏడాదిలో ఒక వారం ఖాయం చేయండి, ఏటా అదే వారం. పెద్ద పేరున్నవాళ్లు దొరక్కపోయినా ఆ వారం ఆపకండి. మొదటి గంట ఈ ఊరి పిల్లలకు ఇవ్వండి. తప్పెటగుళ్లవాళ్లనూ, జముకుల కథ చెప్పేవాళ్లనూ ఊరేగింపు ముందు నడిపించి పంపేయకుండా ఇదే వేదిక మీద, ఇదే సంభావనతో, పూర్తి ప్రదర్శనకు పిలవండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల లయ వినకుండా ఎదిగిన శ్రోతను ఉత్తరాంధ్ర శ్రోత అని ఎలా అంటాం?

మీ అందరినీ అడిగేది మరొకటి ఉంది. మీ ఇళ్లలో అటకల మీద, పాత ట్రంకుపెట్టెల్లో రామనవమి కరపత్రాలు, నాటక సమాజాల మినిట్సు పుస్తకాలు, చందా రసీదులు, గ్రూపు ఫొటోలు ఉంటాయి. ఇల్లు సర్దేటప్పుడు మనం ముందు పారేసేవి అవే. దయచేసి పారేయకండి. ఫొటో వెనక పేర్లు రాయించండి, ఆ పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్లు ఉన్నప్పుడే రాయించండి. కరపత్రాలను జిల్లా గ్రంథాలయానికో, సంగీత కళాశాలకో ఇవ్వండి. కళాశాల పిల్లల్లో ఒకరిద్దరు ముందుకొస్తే, ఏ వీధి పందిట్లో ఏ ఏడు ఎవరు ఏ కథ చెప్పారో, పక్కన ఫిడేలు ఎవరో, మృదంగం ఎవరో, చందా పుస్తకంలో మొదటి సంతకం ఎవరిదో వరసగా రాయవచ్చు. ఆ పని ఈ ఏడాదే మొదలుపెడితే, మా ఇంట్లో ఉన్న కరపత్రాలు మొదటి విడతగా నేనే తెచ్చి ఇస్తాను.